గుడ్డులో అక్రమ కట్టడం

మార్తాండరావుగారు కోళ్ల అభివృద్ధి శాఖకు కమిషనరుగా వచ్చేదాకా ఈ రాష్ట్రంలో గుడ్లు ఎవరినీ అడగకుండానే పిల్లలైపోతుండేవి. ఇందులో తప్పేమైనా ఉందేమోనని అప్పటివరకూ ఎవరికీ తోచలేదు. గుడ్లకూ తోచలేదు.

డాక్టర్ సుభాషిణికి అసలే తోచలేదు. ఆమె పశువైద్యురాలు. గోదావరి పాయల మధ్య వెలగలంకలో ఉన్న ప్రభుత్వ హేచరీకి ఆమే అధికారి. బీరువాల్లాంటి పొదిగే మిషన్లు రెండు, వాటిని కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్ వీర్రాజు, ఏ కాలంలోనైనా దాణా వాసన వేసే ఒక గది, ఇంతే ఆమె సామ్రాజ్యం. మిషన్లో గుడ్లు పెడతారు, మూడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి, వాటిని పెరట్లో పెంచుకోమని చుట్టుపక్కల పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఇస్తారు. ఆ ఏడు వరదకు మూలలంక ఊళ్లో కోళ్లన్నీ కొట్టుకుపోయాయి. ఆ ఊరి సంఘానికి పెద్ద అయిన సత్తి మంగాయమ్మ హేచరీకి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"డాట్రమ్మగారూ, పెరళ్లు బోసిపోయాయండి. కూసే పుంజు లేక మా ఆయన తెల్లారిందని ఒప్పుకోటం లేదండి."

"ఈసారి పెట్టేవన్నీ మీ ఊరికే మంగాయమ్మా. గంపలు అల్లించుకో" అని సుభాషిణి మాటిచ్చింది. ఆ సాయంత్రమే గుడ్లు మిషన్లోకి వెళ్లాయి. మర్నాడు కొత్త కమిషనరు వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు.

మార్తాండరావుగారు అంతకుముందు సర్వీసంతా పట్టణ ప్రణాళికా విభాగంలో ఇళ్ల ప్లాన్లు తిరగ్గొట్టిన మనిషి. అబద్ధమాడరు, లంచం ముట్టరు. అందువల్ల ఆయన బల్ల మీదున్న ఫైలును కదిలించే మార్గం మనిషన్నవాడికి దొరికేది కాదు. ఆయన పదవిలో ఉండగా ఆ పట్నంలో ఒకే ఒక్క ఇల్లు నిబంధనల ప్రకారం పూర్తయిందని, కట్టించినాయన దాని గృహప్రవేశాన్ని ఫోటోలోంచి చూశాడని చెప్పుకునేవారు. అలాంటాయన తెర మీద కళ్లద్దాలు సవరించుకుని, "వెలగలంక" అని పిలిచారు. సుభాషిణి నిలబడింది.

"మిషన్లో ఎన్ని గుడ్లున్నాయి?"

"నాలుగు వేలు సార్."

"అందులో పిల్లలెన్ని?"

"ఇప్పుడేమీ లేవు సార్. నిన్ననే పెట్టాం."

"లేవా? లేనివి మూడు వారాలకు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

తెలివైన ఉద్యోగి అయితే "వస్తాయి సార్" అని కూర్చునేది. కానీ సుభాషిణికి చదువుకునే రోజుల్లో పిండశాస్త్రమంటే ప్రాణం. ఉద్యోగంలో చేరాక ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈయనే. ఆమె మురిసిపోయింది.

"మంచి ప్రశ్న సార్. పూర్వం కొందరు పండితులు గుడ్డులో ఆవగింజంత కోడిపిల్ల ముందే తయారై కూర్చుని ఉంటుందనుకున్నారు. ముక్కు, రెక్క, గోరు, అన్నీ ఉంటాయి, బూర ఊదినట్టు పెద్దదవడమే మిగిలిందనుకున్నారు. దాని కడుపులో ఇంకా చిన్న గుడ్డు, అందులో ఇంకా చిన్న పిల్ల, అలా లోపలికి ఎంత దూరమైనా వెళ్లొచ్చన్నారు. తర్వాత కొందరు ఓపిగ్గా రోజుకో గుడ్డు పగలగొట్టి చూశారు. మొదట్లో అక్కడ పిల్లా లేదు, పిల్ల పోలికా లేదు. రూపం లేని పదార్థం. దాంట్లో ఒక గీత పడింది. తర్వాత గుండె వచ్చింది. కళ్లు, కాళ్లు, ఈకలు, ఒకదాని వెనక ఒకటి. లేనివి కొత్తగా ఏర్పడుతూ వచ్చాయి. దీన్నే ఎపిజెనెసిస్ అంటారు సార్."

తెర మీద మిగతా జిల్లాల అధికారులు మైకులు ఆపుకుని తలలు వంచుకున్నారు.

"ఏర్పడడమంటే?" అన్నారు కమిషనరు.

"అంటే... ఇల్లు కట్టుకున్నట్టు సార్. తనను తానే కట్టుకుంటూ వస్తుంది."

ఆ పోలిక నోరు దాటాక వెనక్కి రాలేదు. మార్తాండరావుగారి ముఖం, తప్పిపోయిన పిల్లవాడు తిరనాళ్లలో తన వీధి మనిషిని చూసినట్టు వెలిగింది.

"కడుతోంది" అన్నారాయన మెల్లగా. "ఖాళీ స్థలంలో."

"ఖాళీ అని కాదు సార్..."

"పునాది, ఆపైన ఒక్కో అంచె. మీ పర్యవేక్షణలో. ప్రభుత్వ మిషన్లో." ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "ఎవరి అనుమతితో?"

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. వాటిని రాసింది కమిషనరు కార్యాలయంలో సూపరింటెండెంట్ నీలకంఠం. మాట్లాడేటప్పుడు సాదా మనిషే. కలం పట్టుకుంటే మాత్రం పూనకం వచ్చేది.

"ఇందుమూలముగా సమస్త హేచరీ అధికారులకు తెలియజేయునది ఏమనగా, గుడ్డు నందు పిల్ల ముందుగా ఉండుట లేదనియు, తదనంతరము అంచెలంచెలుగా నిర్మాణమగుచున్నదనియు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చియున్నది. అట్టి నిర్మాణము ఇంతకాలము ఎట్టి ప్లానును లేకయే జరుగుచుండుట మిక్కిలి విచారకరము. ఇకమీదట గీతను పునాదిగాను, గుండెను నీటి పంపుగాను, కండ్లను కిటికీలుగాను, కాళ్లను స్తంభములుగాను, ఈకలను ఎలివేషనుగాను పరిగణించవలెను. ఒక దశకు అనుమతి లభించనిదే ఏ గుడ్డును తదుపరి దశలోనికి ప్రవేశించరాదు."

సుభాషిణి ఉత్తర్వును రెండుసార్లు చదివి నీలకంఠానికి ఫోన్ చేసింది.

"ప్రవేశించకుండా నేనెలా ఆపనండీ?"

"నోటీసివ్వండి మేడమ్. నోటీసు అందాక కూడా కడితే తప్పు మీది కాదు. గుడ్డుది."

"గుడ్డు చదవదు కదండీ."

"చదువురాని వారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవచ్చని రూలుంది మేడమ్. ప్రభుత్వం అన్నీ ఆలోచించే చేస్తుంది."

నోటీసులు గుడ్డుకొకటి చొప్పున, వెనక జిగురుతో సహా, బస్తాలో వచ్చాయి. పెంకుకు సన్నటి రంధ్రాలుంటాయని, కాగితం అంటిస్తే లోపలి పిల్లకు ఊపిరాడదని సుభాషిణికి తెలుసు. ఒక నోటీసు మిషన్ తలుపుకు అంటించి, చదివి వినిపించే పని వీర్రాజుకు అప్పగించింది. వీర్రాజుకు గొంతు బాగుంటుంది. ఎన్నికలప్పుడు ఆటోలో మైకు పట్టిన అనుభవం కూడా ఉంది. మిషన్ ముందు నిటారుగా నిలబడి, "వెలగలంక హేచరీ గుడ్లకు ముఖ్య గమనిక" అని మొదలుపెట్టి, చివర "ఇట్లు కమిషనరు" దాకా తడబడకుండా చదివాడు. తర్వాత స్టాంపు ప్యాడ్ పట్టుకుని సుభాషిణి దగ్గరికి వచ్చాడు.

"వేలిముద్రలు కుదర్లేదండి. వేళ్లింకా రాలేదండి. ఆ దశ వచ్చాక తీసుకుంటానని రాసేయమంటారా?"

సుభాషిణి అలాగే రాయించింది. దానికి కమిషనరు కార్యాలయం నుంచి 'సంతృప్తికరం' అని జవాబు వచ్చింది.

ఇంతలో గుడ్లు నోటీసును లెక్కచేయలేదు. సుభాషిణి చీకటి గదిలో ఒక గుడ్డును దీపానికి అడ్డంగా పట్టి చూసేసరికి, సాలెగూడులా అల్లుకున్న ఎర్రటి నరాల మధ్య ఒక చుక్క టకటక కొట్టుకుంటోంది. ఎన్నేళ్లు చూసినా ఆమెకు ఆ చుక్కను చూస్తే ముచ్చటేస్తుంది. ఆ రోజు భయం కూడా తోడైంది. ఫోటో తీసి, అనుమతి కోరుతూ పంపింది. ఫైలు అభ్యంతరంతో తిరిగొచ్చింది: "ఇల్లు పూర్తి కాకమునుపే పంపు పనిచేయుచున్నట్లు ఫోటోలో స్పష్టమగుచున్నది. ఇంటికి ముందు నీటి కనెక్షను ఇచ్చిన అధికారి ఎవరో తెలుపవలెను."

ఆమె నాలుగు పేజీల జవాబు రాసింది. రక్తం తిరగకపోతే మిగతా అవయవాలకు పోషణ అందదని, అందుకే గుండె ముందొస్తుందని, ఇది ఆమె నిర్ణయం కాదని. నీలకంఠం ఆ జవాబును శ్రద్ధగా చదివాడు. విషయం అర్థం కాకపోయినా అందులో 'ఎపిజెనెసిస్' అనే మాట తొమ్మిదిసార్లు రావడం ఆయన్ను కలవరపెట్టింది. లైబ్రరీ నుంచి పెద్ద నిఘంటువు తెప్పించి ఆ మాట వెతికాడు. అక్కడ జీవశాస్త్రం అర్థం కిందే భూగర్భశాస్త్రం అర్థం ఒకటుంది. రాయి ముందే ఏర్పడి, దాని పగుళ్లలోకి ఖనిజం తర్వాత ఎప్పుడో వచ్చి చేరితే దాన్నీ ఆ మాటతోనే పిలుస్తారట. నీలకంఠం నిఘంటువు మూసి, గనుల శాఖకు లేఖ రాశాడు.

మూడో రోజున కోదండపాణి అనే జియాలజిస్టు సుత్తి, గోనెసంచి పట్టుకుని హేచరీలో దిగాడు. మర్యాదస్థుడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా గుడ్లను చూశాడు.

"పెంకు ముందా, లోపలిది ముందా మేడమ్?"

"పచ్చసొన ముందండి. తెల్లసొన, ఆపైన పెంకు కోడి కడుపులోనే చేరతాయి. పిల్ల మాత్రం తర్వాతే."

"అయితే పిల్లకు సంబంధించినంతవరకు పెంకు ఆతిథ్య శిల. పిల్ల తర్వాత చేరిన ఖనిజం." ఆయన రాసుకున్నాడు. "మా దగ్గర దీనికి సీనరేజీ, అంటే ఖనిజపు పన్ను, కట్టాలి."

"అది వేరే ఎపిజెనెసిస్ అండి. రాళ్ల సంగతి. ఇది పిండం."

"మాట ఒకటే కదా మేడమ్."

"అర్థాలు వేరు."

"అర్థాలను బట్టి పోతే ప్రభుత్వం నడవదు మేడమ్. మాటను బట్టే పోవాలి" అని ఆయన, తనకూ అది అంత నచ్చనట్టు, నిట్టూర్చాడు. తర్వాత నమూనా కోసం బయటున్న ఒక మామూలు గుడ్డును రాతి మీద పెట్టి సుత్తితో చిన్నగా కొట్టాడు. ప్యాంటు తుడుచుకుంటూ, "ముడి ఖనిజం ద్రవరూపంలో ఉన్నది. నిల్వలు ఒక్క దెబ్బకే అయిపోయినవి" అని నివేదిక రాసి, వీర్రాజు ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

నిఘంటువులో ఆ మాట పక్కనే మరో మాట కూడా ఉంది. తిండి, వేడి, పడిన బాధ వగైరాలను బట్టి, జన్యువులు ఉన్నవి ఉన్నట్టే ఉండి వాటిలో ఏది పలకాలో ఏది ఊరుకోవాలో మారుతుందట. ఆ శాస్త్రం పేరు ఎపిజెనెటిక్స్. దీన్ని చదివిన కమిషనరు, మిషన్ గదిలో ఉద్యోగులు ఇంటి కష్టాలు మాట్లాడుకోరాదని, జీతాల ఊసు బొత్తిగా ఎత్తరాదని ఇంకో సర్క్యులర్ పంపారు. వీర్రాజుకు మాట్లాడేందుకు వేరే విషయం లేదు. అప్పటినుంచి ఆ గదిలో మిషన్ల ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు.

ఆఖరికి అసలు పిడుగు పడింది. గుండె విషయం తేలనందున, తేలేవరకు నిర్మాణం యథాతథ స్థితిలో ఆగాలని, అందుకుగాను స్విచ్ ఆపివేసి ఆ సంగతి వెంటనే తెలియజేయాలని ఉత్తర్వు వచ్చింది.

సుభాషిణి కాగితం చదివి బల్ల మీద పెట్టింది. మిషన్ ఆపితే గంటల్లో వేడి దిగిపోతుంది. వేడి దిగితే ఆ చుక్కలన్నీ ఆగిపోతాయి. ఆగిన చుక్కను అనుమతి వచ్చాక మళ్లీ కొట్టించే స్విచ్ ఏ మిషన్లోనూ లేదు. ఆ మాటే ఫోన్లో చెబితే నీలకంఠం, "ఆపమన్నది నిర్మాణాన్ని మేడమ్, ప్రాణాన్ని కాదు. రెండూ కలిపేసి గందరగోళం చేస్తున్నారు" అన్నాడు.

అదే రోజు మంగాయమ్మ వచ్చింది, నెత్తిమీద గంపతో.

"ముప్ఫై గంపలు అల్లేశామండి. పిల్లుల్ని కట్టేయమని ఊళ్లో దండోరా కూడా వేయించాను. ఎదుగుతున్నాయాండి మావి?"

"ఎదుగుతున్నాయి మంగాయమ్మా" అంది సుభాషిణి. అన్నాక ఇక ఆ మాట నిలబెట్టుకోవడం తప్ప గత్యంతరం లేకపోయింది. ఆమె లేచి మిషన్ గదిలోకి వెళ్లింది. గోడమీద స్విచ్‌లు వరసగా ఉన్నాయి. ట్యూబులైటుది ఆపింది. బల్ల దగ్గరికొచ్చి, "ఆదేశానుసారము స్విచ్ ఆపివేయడమైనది" అని రాసి సంతకం పెట్టింది. ఏ స్విచ్ అని వాళ్లు అడగలేదు, ఆమె రాయలేదు. అబద్ధం కాదు గదా అని తనకు తాను చెప్పుకుంది గాని, ఆ పూట అన్నం సహించలేదు.

ఆనాటి నుంచి వీర్రాజు చీకట్లో తడుముకుంటూ గుడ్లు చూసుకునేవాడు. "గుడ్లకు పరవాలేదండి. నాకే రెండుసార్లు తల బొప్పి కట్టింది" అనేవాడు.

పిల్లలు లేచే రోజు ఉదయాన్నే, చెప్పాపెట్టకుండా కమిషనరు కారు హేచరీ ముందు ఆగింది. మార్తాండరావుగారు దిగారు. వెనక ఫైళ్లతో నీలకంఠం దిగాడు. సుభాషిణి ఎదురెళ్లి నమస్కారం పెట్టింది.

"ఆపిన మిషన్ చూడాలి" అన్నారాయన.

గది చీకటిగా ఉంది. ఆయన తృప్తిగా తలాడించారు. అంతలో చీకట్లోంచి టిక్కు టిక్కుమని, ఎక్కడో వంద గడియారాలకు కీ ఇచ్చినట్టు చప్పుడు మొదలైంది. ఆ వెనకే సన్నగా కీచుమన్న అరుపు.

"లోపల ఎవరు?" అన్నారు కమిషనరు.

సుభాషిణి లైటు వేసి మిషన్ తలుపు తీసింది. ట్రేల నిండా పెంకులు పగిలి ఉన్నాయి. వాటి మధ్య తడిసిన దూదిలాంటివి కొన్ని, ఆరి బంతిపూలైనవి కొన్ని. ఒకటి మిగతావాటి తలల మీదుగా నడిచొచ్చి ట్రే అంచున నిలబడి, కమిషనరుగారిని చూసి అరిచింది.

"ఇవన్నీ... పూర్తయిపోయాయి" అన్నారాయన.

"అవును సార్."

"కిటికీలు, స్తంభాలు, ఎలివేషన్ అన్నీ."

"అవును సార్."

"ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండానే కాపురముండి, ఖాళీ చేసి బయటికొచ్చేశాయి. మీరు స్విచ్ ఆపామన్నారు."

"ట్యూబులైటుది ఆపాను సార్. మిషన్‌ది ఆపితే చచ్చిపోతాయి" అంది సుభాషిణి. అన్నాక గుండె తేలికపడింది. ఉద్యోగం పోయినా సరేననిపించింది.

మార్తాండరావుగారు నీలకంఠం వైపు తిరిగారు. నీలకంఠం నియమావళి తీసి చదివాడు. "అక్రమ కట్టడము తొలగించి, స్థలమును పూర్వస్థితికి తేవలెను."

"పూర్వస్థితి అంటే గుడ్డేనాండి?" అన్నాడు వీర్రాజు. ఆజ్ఞ అంటే అతనికి గౌరవం. ఒక పిల్లను పట్టుకుని, రెండు పెంకు ముక్కలు ఏరి, దాన్ని మధ్యలో సర్దబోయాడు. కాళ్లు సర్దితే తల బయటికొచ్చింది. తల నొక్కితే రెక్క వచ్చింది. అది అతని బొటనవేలు మీద ఒక్కటి పొడిచింది. "పట్టట్లేదండి. ఇల్లు చిన్నదైపోయింది" అని దాన్ని తెచ్చి కమిషనరుగారి అరచేతిలో పెట్టాడు.

ఆయన చేయి వెనక్కి తీసుకోలేదు. పిల్ల ఆయన వేళ్ల మధ్య ముడుచుకుని కళ్లు మూసుకుంది. తొలగించడమంటే ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైనట్టుంది. ఇన్నేళ్లలో ఆయన కూలగొట్టించిన ఏ గోడా వెచ్చగా లేదు.

"క్రమబద్ధీకరణ పథకం కింద ఏమైనా..." అన్నారు, గొంతు తగ్గించి.

"గడువు మొన్ననే ముగిసింది సార్. పైగా రెక్కలు చాస్తే చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ మిగలడం లేదు" అన్నాడు నీలకంఠం.

సుభాషిణికి మెదడులో ఏదో తట్టింది. ఇన్ని వారాలు వీళ్ల ఉత్తర్వులు చదివి చదివి వీళ్ల భాష ఆమెకూ పట్టుబడిపోయింది.

"సార్, అనుమతి ఇవ్వనిది రికార్డులో ఉండదు కదా?"

"ఉండదు."

"గుండెకు అనుమతి రాలేదు. కళ్లకు రాలేదు. కాళ్లకు అసలు దరఖాస్తే పెట్టలేదు. అంటే రికార్డు ప్రకారం ఇక్కడ ఏ నిర్మాణమూ జరగలేదు. ఇవి ఇంకా గుడ్లే. గుడ్లను సంఘాలకు పంచడానికి ఏ అనుమతీ అక్కర్లేదు సార్."

మార్తాండరావుగారు చేతిలోని పిల్లను చూశారు, ఆమెను చూశారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. కానీ రికార్డు అబద్ధం చెబుతుందని ఆయన ఎన్నడూ నమ్మలేదు.

"నీలకంఠంగారూ, రికార్డు ఏమంటోంది?"

"గుడ్లనే అంటోంది సార్."

"అయితే గుడ్లే" అన్నారాయన. చేతిలోని గుడ్డును జాగ్రత్తగా ట్రేలో దింపి, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "వీటికి నీళ్లు పెట్టండి" అన్నారు.

మధ్యాహ్నానికి మంగాయమ్మ, సంఘం ఆడవాళ్లు గంపలతో వచ్చారు. సుభాషిణి రసీదు చూపించి సంతకం పెట్టమంది.

"ఇందులో గుడ్లు అని రాసుందేంటండి?"

"అవి గుడ్లే."

"అరుస్తున్నాయండి."

"మంగాయమ్మా, వీటిని పిల్లలన్నామంటే నా ఉద్యోగం ఉండదు. నీ గంపలు ఖాళీగా వెళ్తాయి."

మంగాయమ్మ రసీదు అందుకుని, వేలిముద్ర కాదు, పొడి అక్షరాలతో సంతకమే పెట్టింది. వెనక్కి తిరిగి ఆడవాళ్లతో, "ఏమర్రా, గుడ్లు జాగర్త. కింద పెడితే పరిగెడతాయి" అని హెచ్చరించింది.

గుడ్లు మూలలంకలో ఎదిగాయి. పెరళ్లలో నూకలు తిన్నాయి, పాదుల్లో మట్టి గీకాయి, పోట్లాడుకున్నాయి, పొద్దున్నే గోడలెక్కి కూశాయి. ఆరు నెలలకు పెట్టలు గుడ్లు పెట్టసాగాయి. నిబంధన ప్రకారం సుభాషిణి నివేదిక పంపాలి. కోళ్లు అని రాస్తే, అవి ఎప్పుడొచ్చాయని అడుగుతారు. ఆమె రాసింది: "మూలలంక సంఘమునకు పంచిన గుడ్లు ప్రస్తుతము గుడ్లు పెట్టుచున్నవి."

ఆ వాక్యం పై కార్యాలయాల్లో మంట రాజేసినంత వేగంగా పాకింది. కోడి ప్రసక్తి లేకుండా, కోళ్ల మేత ఖాతాలో ఒక్క పైసా ఖర్చు కాకుండా, గుడ్డు నుంచి నేరుగా గుడ్డు. ఇంతటి విజయాన్ని ఏ రాష్ట్రమూ సాధించలేదన్నారు, బహుమతి ఖాయమన్నారు. పత్రికల వాళ్లను పిలిచి మూలలంకలోనే సభ పెట్టాలని నిర్ణయించారు. మార్తాండరావుగారు వచ్చి షామియానా కింద గంటసేపు మాట్లాడారు. "అంచెలను తొలగించుటయే అభివృద్ధి" అన్నారు. ఆయన వెనక దడి మీద ఒక పుంజు ఎక్కి, ప్రతి పేరా చివరా కూసింది. రికార్డు ప్రకారం అక్కడ పుంజు లేదు గనుక ఎవరూ అదిలించలేదు.

సభ అయ్యాక మంగాయమ్మ ఇంట్లో భోజనాలు. అరిటాకులు వేశారు. కమిషనరుగారు కూర్చుంటూ ముందే చెప్పారు.

"అమ్మా, నేను మాంసం ముట్టను. మా ఇంట ఏడు తరాలుగా లేదు. ఈ శాఖకు వచ్చాను కాబట్టి గుడ్డు వరకు అలవాటు చేసుకున్నాను."

మంగాయమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొద్దున లేచి వరద తర్వాత పెరిగిన మొదటి పుంజును కోసి, మసాలా నూరి, పులుసు పెట్టింది. ఆమె సుభాషిణి వంక చూసింది. సుభాషిణి పక్క విస్తరిలో ఉప్పు వైపు చూస్తోంది. మంగాయమ్మ గరిటె పులుసులో ముంచింది.

"గుడ్డు కూరేనండి" అని వడ్డించింది.

ఆకు మధ్యలో, ఎర్రటి పులుసులో, తొడ ముక్క ఒకటి కాలు చాపుకుని పడుకుంది.

మార్తాండరావుగారు దాన్ని చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. నీలకంఠం నమలడం ఆపేశాడు.

"ఇది గుడ్డా అమ్మా?"

"మా ఊళ్లో దీన్ని గుడ్డనే అంటున్నామండి" అంది మంగాయమ్మ. "చిన్నపిల్లల చేత కూడా అలాగే అనిపిస్తున్నాం. వేరే పేరు పెడితే డాట్రమ్మగారి ఉద్యోగానికి ముప్పన్నారండి. ఆవిడ మాట నిలబెట్టుకుంది. మేం ఆమాత్రం చేయొద్దాండి?"

సుభాషిణి తల ఎత్తలేదు. ఆకు మసకబారి కనిపించింది.

కమిషనరుగారి ముందు ఒకవైపు రికార్డు ఉంది, సభ ఉంది, రాబోయే బహుమతి ఉంది. రికార్డు ప్రకారం దాన్ని తినడానికి ఆయనకు ఏ అభ్యంతరమూ ఉండకూడదు. ఆయన చేయి ఆకు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

"ఇది కోడి" అన్నారాయన.

బయట పుంజు మరోసారి కూసింది.

"ఇదీ కోడే, దడి మీదదీ కోడే. రికార్డు తప్పు. దిద్దండి నీలకంఠంగారూ. డాక్టరుగారి మీద ఏ చర్యా ఉండదని కూడా రాయండి. స్విచ్ ఆపమన్నది నేను."

నీలకంఠం ఎడమ చేత్తోనే ఫైలు తెరిచాడు, కుడి చేయి కడుక్కుని కలం తీశాడు. రాయబోయి ఆగాడు.

"సార్, గుడ్డు అన్నది కోడి అని దిద్దుతాను. ఏ తేదీ నుంచి అని వేయమంటారు?"

మార్తాండరావుగారికి తెలియలేదు. ఆయన సుభాషిణి వైపు తిరిగి, మొదటిసారిగా, నిజంగా తెలుసుకోవాలనే ఆమెను అడిగారు. "చెప్పండి డాక్టరుగారూ. ఏ రోజున కోడి అయింది?"

"ఒక్క రోజున అవలేదు సార్" అంది సుభాషిణి. "రోజుకు కాస్త, రోజుకు కాస్త అయింది."

నీలకంఠం ఆ మాటను కాసేపు మనసులో తిప్పుకున్నాడు. తర్వాత తేదీ వేయవలసిన చోట గుండ్రటి అక్షరాలతో 'వివిధ తేదీలలో' అని రాసి ఫైలు ముందుకు జరిపాడు. కమిషనరుగారు చదివారు. ఏ అభ్యంతరమూ రాయకుండా సంతకం పెట్టారు.

"అమ్మా, పప్పుంటే కొంచెం వెయ్యి" అన్నారు.